పాత పెట్రోమాక్స్ లైటు: తోమే ముందు గాలి నిలుస్తుందో లేదో చూడండి

అటక మీంచి దించిన పాత పెట్రోమాక్స్ లైటు చేతికి రాగానే ఎవరైనా మొదట చేసే పని చింతపండు నానబెట్టడం. ఇత్తడి కదా, చిలుము పట్టింది కదా, తోమితే బంగారంలా మెరుస్తుంది కదా అనుకుంటారు. మెరుస్తుంది కూడా. ఆ మెరుపు చూసిన సంబరంలో కిరసనాయిలు పోసి, గాలి కొట్టి, అగ్గిపుల్ల గీస్తారు. నాకు భయం అక్కడే. బిందెనో చెంబునో తోమినట్టు తోమి వాడుకునే వస్తువు కాదిది. కింద గుండ్రంగా కనిపించే ఆ ట్యాంకులో, లైటు వెలుగుతున్నంతసేపూ దాదాపు కారు టైరులో ఉన్నంత ఒత్తిడి ఉంటుంది. టైరులో ఉండేది వట్టి గాలి. ఇక్కడ గాలి కింద లీటరు కిరసనాయిలు, దానికి జానెడు పైన మంట.

మా ఇంట్లో ఉన్నది తాతయ్య కొన్న లైటు. నూర్పిళ్ళ రోజుల్లో కళ్ళంలో వెలిగించేవారు. పదేళ్ళకు పైగా అటక మీద పడి ఉన్నదాన్ని మళ్ళీ వెలిగించడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. అందులో తోమడానికి పట్టింది ఒక్క పూట. మిగతా కాలమంతా దేనికి పట్టిందో చెప్పాలంటే, అసలు ఈ లైటు ఎలా వెలుగుతుందో ముందు చెప్పుకోవాలి.

మన ఊళ్ళలో దీన్ని చాలామంది గ్యాస్ లైటు అనేవారు. అంతకు ముందు తరం వాళ్ళ నోట కిట్సన్ లైటు అన్న మాట వినిపించేది. అది ఆర్థర్ కిట్సన్ అనే ఇంగ్లండు ఇంజనీరు పేరు. ఆయన దీపాలు వేరు, ఇది వేరు. అయినా పేరు మాత్రం అలా అంటుకుపోయింది. పెట్రోమాక్స్ పుట్టింది బెర్లిన్‌లో, 1910 ప్రాంతంలో. ఎరిష్ అండ్ గ్రేట్జ్ కంపెనీకి చెందిన మాక్స్ గ్రేట్జ్ పేరులోని మాక్స్, పెట్రోలియంలోని పెట్రో కలిస్తే పెట్రోమాక్స్. తర్వాత ఏ దేశంలో ఏ కంపెనీ చేసినా మనకు అది పెట్రోమాక్సే అయింది.

గ్యాస్ లైటు అన్న పేరు తప్పేమీ కాదు. ఇందులో కిరసనాయిలు నూనెగా మండదు, ఆవిరిగా మారి మండుతుంది. పంపుతో కొట్టిన గాలి నూనెను నెడుతుంది. నూనె సన్నటి గొట్టంలోకి ఎక్కుతుంది. దాన్నే వేపరైజర్ అంటారు. ఆ గొట్టం పై భాగం మంట పక్కగా పోతుంది కాబట్టి ఎర్రగా కాలుతూ ఉంటుంది, నూనె అక్కడ ఆవిరవుతుంది. ఆ ఆవిరి వెంట్రుకంత రంధ్రంలోంచి దూసుకొచ్చి, గాలితో కలిసి, పింగాణీ నాజిల్ దాటి, కింద వేలాడే మాంటిల్ అనే చిన్న వల సంచీ లోపల నీలి మంటగా మండుతుంది. మంటకు పెద్ద వెలుగు లేదు. వెలిగేది మాంటిల్.

లైటు వెలిగే ముందు స్పిరిట్ పోసి వేడి చేసేది ఈ గొట్టం కాలడానికే. సరిగ్గా కాలకముందే తొందరపడి నూనె వదిలితే ఆవిరి రాదు, పచ్చి నూనె వస్తుంది. అప్పుడు లైటంతా పసుపు మంటలో మునిగిపోతుంది. పెళ్ళి ఊరేగింపుల్లో భగ్గుమని లేచిన లైటును చూసి జనం చెల్లాచెదురవడం మీలో కొందరు చూసే ఉంటారు. నూటికి తొంభైసార్లు జరిగేది ఇదే. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది గానీ, దానికి విరుగుడు సులువు. నూనె పోసే మూత మీద చిన్న గాలి మర ఉంటుంది. దాన్ని వదులు చేస్తే లోపలి గాలి బుస్సుమని పోతుంది, నూనె ఎక్కడం ఆగుతుంది, మంట చస్తుంది. పాత లైటు బాగుచేసేవాళ్ళు మొట్టమొదట సరిచూడాల్సింది ఆ మరనే. చిలుముతో బిగుసుకుపోయి వేళ్ళతో తిరగని గాలి మర ఉన్న లైటును నేనైతే ముట్టించను.

అసలు ప్రమాదం భగ్గుమనే మంట కాదు. ట్యాంకు ఎక్కడైనా చిట్లిందనుకోండి, టైరులో ఉన్నంత ఒత్తిడి వెనక ఉన్న నూనె తుంపరగా చిమ్ముతుంది. పళ్ళెంలో పోసిన కిరసనాయిలుకు అగ్గిపుల్ల పెడితే అంత తొందరగా అంటుకోదు. అదే కిరసనాయిలు తుంపర అయితే క్షణంలో మంటల గుమ్మటం. అందుకే ట్యాంకు సంగతి తేలాకే మిగతావి. తోముడు అన్నిటికన్నా చివర.

ట్యాంకు సంగతి తేల్చడానికి నేను చేసిన పని ఇది. ముందు పాత నూనె పూర్తిగా వంపేశాను. ఏళ్ళ తరబడి నిలవున్న కిరసనాయిలు గోధుమరంగు తిరిగి, అడుగున జిగురులా తయారవుతుంది. దాన్ని మురుగు కాలవలో పారబోయకండి. సబ్బు నీళ్ళతో నాలుగైదుసార్లు గిలకరించి కడిగాను. పెట్రోలుతో కడిగితే చిటికెలో శుభ్రపడుతుందని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. వద్దు. పెట్రోలు ఆవిరి సున్నాకు నలభై డిగ్రీల కిందటి చలిలో కూడా అంటుకుంటుంది. కిరసనాయిలుకు కనీసం ముప్పై ఎనిమిది డిగ్రీల వేడి ఉండాలి. ఆ తేడా మీదే ఈ లైటు భద్రత అంతా నిలబడి ఉంది. ట్యాంకు మూలల్లో నాలుగు చుక్కల పెట్రోలు మిగిలినా ఆ లెక్క తప్పుతుంది. నూనె అందుబాటులో లేదని పెట్రోలు కలిపి వెలిగించడం గురించి చెప్పనే అక్కర్లేదు, అది ఆత్మహత్యే.

కడిగాక వేపరైజర్ గొట్టం ఊడదీసి, ఆ రంధ్రానికి సరిపడే మర బిరడా బిగించి, ట్యాంకు నిండా నీళ్ళు పోశాను. పైన ఒక టీ గ్లాసు పట్టేంత ఖాళీ మాత్రమే వదిలాను. ఇందులో కిటుకు ఉంది. గాలి నొక్కుకుంటుంది, నొక్కిన కొద్దీ బలం దాచుకుంటుంది. నీళ్ళు నొక్కుకోవు. ట్యాంకు నిండా గాలి నింపి పరీక్షిస్తే, చిట్లినప్పుడు ముక్క ఎగిరి కంటికి తగలొచ్చు. నీళ్ళతో నింపితే చిట్లినా ఓ ధార కారి ఊరుకుంటుంది. ఖాళీ తక్కువ కాబట్టి పంపు నాలుగైదుసార్లు కొడితే చాలు, ఒత్తిడి వచ్చేస్తుంది. అంతకు మించి కొట్టకూడదు. మూత మీది గేజీ ఎర్ర గీత చూపిస్తుంది కదా అంటారా? పాత గేజీలను నమ్మకండి. మా లైటు గేజీ ముల్లు ఖాళీ ట్యాంకు మీద కూడా సగంలో నిలబడి ఉండేది.

పొడి బట్టతో ట్యాంకంతా తుడిచి, న్యూస్ పేపరు మీద పెట్టి, పక్కన కుర్చీ వేసుక్కూర్చున్నాను. పది నిమిషాలు ఏమీ లేదు. ఆ తర్వాత పంపు గొట్టం ట్యాంకులోకి దిగే చోట, మెడ చుట్టూ ఉన్న అతుకు మీద, ఆవగింజంత నీటిబొట్టు. తుడిస్తే మళ్ళీ అదే చోట మరొకటి. పేపరు మీద పావలా కాసంత తడి. చిలుము కింద ఎన్నాళ్ళ నుంచి ఉందో ఆ కారుడు. తోమేసి నూనె పోసి ఉంటే, ఆ బొట్టు కిరసనాయిలుదై ఉండేది.

అతుకు దగ్గర కారితే బాగుచెయ్యొచ్చు. ఆ అతుకులు మాటు (సోల్డరింగ్) వేసినవే. మాటు లోహం రెండు వందల డిగ్రీల లోపే కరుగుతుంది కాబట్టి ఇత్తడికి దెబ్బ తగలదు. కానీ కిరసనాయిలు వాసన మిగిలిన ట్యాంకుకు మాటు వేయడమంటే బాంబు దగ్గర కొలిమి పెట్టడమే. మళ్ళీ వేడి సబ్బు నీళ్ళతో కడిగి, మూతలన్నీ తీసి వారం రోజులు నీడలో ఆరబెట్టి, ముక్కు పెట్టి చూసి వాసన లేదనుకున్నాకే మాటు వేసే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన కూడా మొదట ముక్కే పెట్టి చూశాడు. ఆ తర్వాత ట్యాంకులో అతుకు కింద వరకూ నీళ్ళు నింపమన్నాడు, ఆవిరికి చోటు ఉండకూడదని. చదువుకున్న ఇంజనీరు కూడా అదే చెబుతాడు.

కారేది అతుకు దగ్గర కాక ట్యాంకు ఒంటి మీదైతే? ఇక్కడ ఇత్తడి గురించి ఓ ముచ్చట చెప్పాలి. బ్రిటిష్ వాళ్ళ కాలంలో, మన దేశంలోనే, సైన్యానికి ఓ వింత సమస్య వచ్చింది. ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలంలో వాటంతట అవే పగిలేవి. ఎండాకాలంలో బాగానే ఉండేవి. రుతువును బట్టి పగులుతున్నాయని దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. అసలు కారణం 1921లో గానీ తేలలేదు. తూటాలను గుర్రపు సాలల్లో నిలవ చేసేవారు. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా, వానాకాలపు చెమ్మ, సాగదీసి ఒత్తి చేసిన ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే లోహంలో వెంట్రుకంత చీలికలు పాకుతాయి. పైకి చిలుము పెద్దగా కనిపించదు. లోపల లోపల చీలుతుంది.

పెట్రోమాక్స్ ట్యాంకు కూడా ఇత్తడి రేకును అచ్చులో ఒత్తి చేసిందే. మా పెదనాన్న గారి లైటు ఏళ్ళ తరబడి గొడ్ల చావిట్లో వాసానికి వేలాడింది. నీళ్ళ పరీక్ష పెడితే ట్యాంకు భుజం మీద, నూనె మూత దగ్గర్నుంచి కిందికి, గోటి గీతలా ఒక తడి చార మొలిచింది. దానికి మాటు లేదు, వెల్డింగు లేదు. ఆ లైటు ఇప్పుడు వాళ్ళ హాల్లో అలంకారంగా ఉంది, నూనె మూత తీసేసి పెట్టాం, ఎవరూ పొరపాటున వెలిగించకుండా. మెరుగు పెట్టిస్తే అందంగానే ఉంది. అలాంటి ట్యాంకును ఏదో పూసి, అతికించి మళ్ళీ వాడాలని చూసేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది.

ఇప్పుడు తోముడు సంగతికొద్దాం. పై కథ తెలిశాక మీకే అర్థమవుతుంది, ముక్కు పగిలేంత ఘాటు వాసన వేసే ఇత్తడి పాలిష్‌లు ఈ ట్యాంకుకు ఎందుకు వద్దంటున్నానో. ఆ ఘాటు చాలావాటిలో అమ్మోనియాదే. పూజ సామాను మీద పరవాలేదు, గాలి నిలవాల్సిన దాని మీద వద్దు. మరి చింతపండు? చింతపండు మంచిదే, నిమ్మ ఉప్పు కూడా మంచిదే, కానీ కాసేపే. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం (జింకు) కలిసిన లోహం. పులుపులో ఎక్కువసేపు నానితే తుత్తునాగం కరిగిపోతుంది, రాగి మిగులుతుంది. నేను నూనె మూతను రాత్రంతా చింతపండు నీళ్ళలో వదిలేశాను. పొద్దున చూస్తే గులాబి రంగు తిరిగింది. ఎంత బాగా శుభ్రపడిందో అనుకుని తోమితే మర అంచులు పొడిలా రాలాయి. ఆ మూత మళ్ళీ పనికి రాలేదు, వేరేది వెయ్యాల్సి వచ్చింది. లీటరు గోరువెచ్చని నీళ్ళకు యాభై గ్రాముల నిమ్మ ఉప్పు, పదిహేను నిమిషాలు, మెత్తటి బ్రష్షు, తర్వాత వంటసోడా కలిపిన నీళ్ళతో ఓసారి, మంచినీళ్ళతో రెండుసార్లు. ఆ తర్వాత ఎండ కాదు, ఫ్యాను గాలి. చాలామంది కొట్లో మిషను మీద బఫింగు చేయిస్తారు. అది రేకును పల్చన చేస్తుంది, అంచుల్లో మాటును గీకేస్తుంది. నికెలు పూత ఉన్న లైటైతే పూత కాస్తా పోతుంది. అతుకుల్లో మిగిలిన కాస్త నలుపును అలాగే వదిలేయండి. అది లైటు వయసు.

పంపు గురించి నాలుగు మాటలు. పంపు కడ్డీ చివర తోలు వాషరు ఉంటుంది. ఎండిపోయి ముడుచుకుంటే ఎంత కొట్టినా గాలి దిగదు. దాన్ని పారేసే ముందు ఓ రాత్రి మెషీన్ ఆయిల్లో నానబెట్టి, పొద్దున బొటనవేలితో అంచులు గొడుగులా విప్పి చూడండి. మా వాషరు బిస్కెట్టులా గట్టిగా వచ్చి, మూడో రోజుకు మెత్తబడి గొట్టంలో బిర్రుగా కూర్చుంది. కొబ్బరి నూనె మాత్రం వద్దు, చలికాలం పొద్దునపూట గడ్డ కడుతుంది. పంపు అడుగున ఇంకో చిన్న భాగం ఉంది, నూనె వెనక్కి రాకుండా ఆపే వాల్వు. గాలి కొట్టాక పంపు కడ్డీ దానంతట అదే పైకి లేస్తుంటే ఆ వాల్వు పోయినట్టు. దాని లోపల శనగ గింజంత రబ్బరు బిళ్ళ ఉంటుంది. పల్లెల్లో సైకిలు ట్యూబు ముక్క కోసి వేసేవారు. కిరసనాయిలు తగిలితే ఆ రబ్బరు ఉబ్బి మెత్తబడి దారి మూసేస్తుంది, లేదా అసలు మూసుకోదు. నూనెకు తట్టుకునే నైట్రైల్ రబ్బరు గానీ వైటాన్ రబ్బరు గానీ ఇంజన్ విడిభాగాల కొట్లో దొరుకుతుంది. అదే వెయ్యాలి.

వేపరైజర్ రంధ్రం మూసుకుపోతే కుట్టు సూది పెట్టి పొడవకండి. ఆ రంధ్రం కొలత మీదే గాలి, నూనె పాళ్ళు ఆధారపడ్డాయి. కొంచెం పెద్దదైనా లైటు మసి కక్కుతుంది, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువవుతుంది. స్టవ్వు పిన్ను లాంటి సరైన పిన్నే వాడాలి.

అసలు జాగ్రత్త అవసరమయ్యేది చాలామంది పట్టించుకోని చోట, మాంటిల్ దగ్గర. కొత్త మాంటిల్ చూడ్డానికి తెల్లటి వల సంచీ. ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ 1885లో మొదటి మాంటిల్‌కు పేటెంటు తీసుకున్నాడు. 1891 నాటికి సరైన పాళ్ళు కుదిరాయి: తొంభైతొమ్మిది పాళ్ళు థోరియం ఆక్సైడు, ఒక్క పాలు సీరియం ఆక్సైడు. మొదటిసారి ముట్టిస్తే గుడ్డ కాలిపోయి, ఆ ఆక్సైడుల పెళుసు గూడు మాత్రం అదే ఆకారంలో మిగులుతుంది. ఊదితే రాలిపోయే ఆ బూడిద గూడే అంత తెల్లటి వెలుగు ఇస్తుంది. థోరియం దొరికేది మోనజైట్ ఇసుకలో. కేరళ, తమిళనాడు తీరాలతోపాటు మన ఆంధ్ర తీరపు ఇసుకల్లోనూ మోనజైట్ ఉంది. అంటే ఊరేగింపుల్లో వెలిగిన ఆ తెల్లదనానికీ సముద్రపు ఒడ్డు ఇసుకకూ చుట్టరికం ఉంది.

థోరియం రేడియోధార్మిక లోహం. వెలుగుతున్న లైటు పక్కన కూర్చుంటే వచ్చే నష్టం లెక్కలోకి రానంత తక్కువ. కానీ పాత లైటు విప్పినప్పుడు గాజు అడుగున కనిపించే తెల్లటి పొడి పాత మాంటిళ్ళ బూడిద. దాన్ని ఊపిరిలోకి పీలిస్తే థోరియం ఊపిరితిత్తుల్లో చేరి కూర్చుంటుంది. దాని అర్ధాయువు, అంటే అది సగానికి తరగడానికి పట్టే కాలం, 1,400 కోట్ల ఏళ్ళు. కొన్ని పాత మాంటిళ్ళలో బలం కోసం బెరీలియం కూడా కలిపేవారు, అది ఊపిరితిత్తులకు మరీ చెడ్డది. కాబట్టి నోటితో ఊదడం, చీపురుతో దులపడం, పిల్లల చేత తుడిపించడం ఏదీ వద్దు. మాస్కు పెట్టుకుని, ముందు నీళ్ళు చిలకరించి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయాలి. చేతులు కడుక్కున్నాకే మరో పని. పాత లైట్ల స్పిండిల్ (నూనె వదలడానికి తిప్పే కడ్డీ) చుట్టూ ఉండే బూడిదరంగు పీచు ప్యాకింగు ఆస్బెస్టాస్ కావచ్చు, అతుకుల దగ్గరి మెత్తటి వాషర్లు సీసం కావచ్చు. వాటినీ పొడిగా గీకకుండా తడిపే తీయాలి. ఇప్పుడు థోరియం లేని మాంటిళ్ళు, యిట్రియంతో చేసినవి, దొరుకుతున్నాయి. వెలుగు కాస్త తక్కువ. నేను అవే వాడుతున్నాను.

కొత్త మాంటిల్ కట్టి మొదటిసారి కాల్చేటప్పుడు పొగ వస్తుంది. ఆ పని ఆరుబయటే చెయ్యాలి, పొగ మన మీదికి వచ్చే వైపు నిలబడకూడదు. మూసిన గదిలో పెట్రోమాక్స్ ఎప్పుడూ పెట్టకూడదు. ఊపిరి తీసే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

మా లైటు మళ్ళీ వెలిగింది మొన్న తొలకరి రోజుల్లో, ఓ సాయంత్రం, పెరట్లో. మాటు వేశాక నీళ్ళ పరీక్ష మరోసారి పెట్టాను, ఈసారి అరగంట. నీళ్ళు పోయి, ట్యాంకు రెండు రోజులు ఆరాక, కొంచెం కిరసనాయిలు పోసి గిలకరించి వంపేశాను, లోపలి చెమ్మ పోవడానికి. తర్వాత ముప్పావు వంతు నూనె. పక్కన ఇసుక బకెట్టు. నూనె మంట మీద నీళ్ళు పోస్తే మంట నీళ్ళతోపాటు పారుతుంది, అందుకే ఇసుక. పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టి, ఎంత పిలిచినా కిందికి దిగొద్దని చెప్పాను. స్పిరిట్ గిన్నె నిండా పోసి ముట్టించి, అది ఆరబోయే వరకూ ఆగి, అప్పుడు నూనె వదిలాను. ఒక చెయ్యి గాలి మర మీదే ఉంది.

ముందు నీలిగా, తర్వాత టప్‌మని శబ్దం, ఆ తర్వాత మాంటిల్ తెల్లబడుతూ తెల్లబడుతూ పెరడంతా పట్టపగలైంది. ఆ హోరు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వీధి నాటకం మొదలయ్యే ముందు వినిపించే హోరు అది. అరగంట తిరక్కముందే ఉసిళ్ళు గాజు చుట్టూ ముసురుకున్నాయి. చినుకు పడేలా ఉందని లైటును చూరు కిందికి జరిపాను. కాలిన గాజు మీద ఒక్క చినుకు పడ్డా పగుళ్ళు చీలుతాయి.

ఆర్పేటప్పుడు గాలి మర మెల్లగా వదులు చేశాను. బుస్సుమంటూ గాలి పోయింది, వెలుగు పసుపు తిరిగి, ఎర్రబడి, ఆరింది. గంట సేపు ఎవరినీ తాకనివ్వలేదు. పూర్తిగా చల్లారాక ట్యాంకు ఎత్తి, దాని కింద పరిచిన న్యూస్ పేపరు దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. ఎక్కడా ఒక్క చుక్క తడి లేదు.